నలభై ఒక్క నాబ్‌లు, ఒక సున్నా

శబ్దం అనుమతి లేకుండానే పుడుతుంది. అది దాని మొదటి నేరం. ఈ లోపాన్ని సరిదిద్దడానికే 2016లో మన జిల్లాలో శ్రావ్య పరికరాల అనుమతి విభాగం వెలిసింది. (అంతకు ముందు జనం ఎలా పాడుకునేవారో రికార్డుల్లో లేదు. బహుశా దొంగచాటుగా.)

ఆ విభాగంతో నాకు పరిచయం విక్టర్ వల్ల కలిగింది. విక్టర్‌కి నరసన్నపేటలో మోటారు వైండింగ్ షాపు ఉంది. వారమంతా పొలాల్లో కాలిపోయిన మోటార్లకి రాగి తీగ చుడతాడు, ఆదివారం బాప్టిస్టు చర్చిలో గిటారు వాయిస్తాడు. నేను ఆ చర్చికి కార్యదర్శిని, రిటైరైన హెడ్‌మాస్టర్ని. ఫారాలు నింపడంలో నాకు చుట్టుపక్కల మంచి పేరుండేది. ఆ పేరు ఎలా పోయిందో చెబుతాను.

విక్టర్ మూడేళ్లపాటు ఒక్కో ముక్కా కొరియర్లో తెప్పించుకుని మాడ్యులర్ సింథసైజర్ అనేదాన్ని తయారు చేసుకున్నాడు. చూడనివారికి చెప్పాలంటే, చర్చిలో విరిగిపోయిన బెంచీ చెక్కతో చేసిన పెట్టె, అందులో తొమ్మిది రేకు పలకలు, ఆ పలకల నిండా చిల్లులూ, తిప్పే నాబ్‌లూ. గిటారు శబ్దం ఒక చిల్లులోకి దూరి, వైర్ల మీదుగా పలక నుంచి పలకకి తిరుగుతుంది. ఒకచోట లావవుతుంది, ఒకచోట వణుకుతుంది, ఇంకోచోట ఆగి ఆగి మళ్లీ పలుకుతుంది. (మన ఫైళ్లూ ఇలాగే తిరుగుతాయి. కాకపోతే శబ్దం చివరికి బయటికొస్తుంది.) ఏ వైరు ఎక్కడ గుచ్చాలో, ఏ నాబ్ ఎంత తిప్పాలో వాయించేవాడే తేల్చుకోవాలి. పెట్టె ఏదీ గుర్తుపెట్టుకోదు. ఒకసారి కదిపితే పాత శబ్దం పోయినట్టే.

ఇదంతా అతను సరదాకి చెయ్యలేదు. అతని మేనత్త ఎలీసమ్మ ముప్పై ఏళ్లు రైస్ మిల్లులో పనిచేసింది, అదే ముప్పై ఏళ్లు మా క్వయర్లో కింది స్వరం పాడింది. మిల్లు ఆమె చెవులు తినేసింది. మూడేళ్లుగా పాట ఎక్కడ మొదలైందో తెలియక, పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంటోంది. డాక్టర్లు చెవి మిషన్ ఇచ్చారు. “ఈగలు ముసురుతన్నట్టుంటాదిరా” అని దాన్ని బీరువాలో చీరల కింద పెట్టేసింది.

విక్టర్ నాలుగు నెలలు ఆ పెట్టెతో కుస్తీ పట్టాడు. రోజూ మధ్యాహ్నం అత్తని షాపులో బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. పెట్టె, దాని స్పీకరు ఆ బెంచీ మీదే. నాబ్ వెంట్రుకవాసి తిప్పి, ఒక మెట్టు వాయించి, ఆమె ముఖం చూసేవాడు. ఒక రోజు నేనూ అక్కడే ఉన్నాను. గిటారు బాగా అడుగుకి దిగి, నెమ్మదిగా విచ్చుకుని, బెంచీ చెక్కలోంచి పాకింది. ఎలీసమ్మ అరచెయ్యి బెంచీకి ఆనించింది.

“ఒరే, ఏటిరా ఇది? నాకు ఇనబడతన్నాది!”

ఆమెకి అర్థమయ్యేలా విక్టర్ చేత్తో “నిజంగానా?” అని అడిగాడు.

“అబద్ధం ఎందుకు సెప్తాను? ఆపకు. మళ్లీ వాయించు.”

విక్టర్ పాట మొదలుపెట్టాడు. రెండో చరణంలో ఆమె అందుకుంది. ఎక్కడా తప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. హెడ్‌మాస్టరుగా చేసినవాణ్ణి కాబట్టి దగ్గాను.

నెల తిరిగితే మా క్వయర్‌కి యాభై ఏళ్లు నిండుతాయి. కోటబొమ్మాళి రోడ్డు పక్కన పందిరి వేసి సభ జరపాలని తీర్మానించాం. “ఆ రోజు నేను పాడతాను” అని ఎలీసమ్మ వీధి వీధంతా చెప్పుకొచ్చింది. బహిరంగ సభ కాబట్టి విభాగం వారి అనుమతి కావాలి. నేను కలం తీశాను.

ఫారంలో వాయిద్యం రకం అడిగారు: తీగ, తోలు, గాలి, ఇతరములు. నేను ‘తీగ’ దగ్గర టిక్కు పెట్టాను. వారం తరవాత దరఖాస్తు తిరిగొచ్చింది. పెట్టెలోని తీగలు శబ్దం చెయ్యవనీ, శబ్దాన్ని ఒకచోటి నుంచి మరొకచోటికి చేరవేస్తాయనీ, కనుక అది రవాణా కిందికి వస్తుందనీ, వాహనం నంబరు జతపరచాలనీ రాశారు. ‘ఇతరములు’కి మార్చాను. ఇతరములైతే ముక్కకొక దరఖాస్తు కావాలన్నారు. తొమ్మిది నింపాను. అందులో నాలుగో ముక్క తనంతట తాను శబ్దం చెయ్యదు, పక్కదాన్ని వణికిస్తుంది, అంతే. శబ్దం చెయ్యని వాయిద్యానికి నిశ్శబ్ద ధ్రువపత్రం తెమ్మన్నారు. అది అదే గదిలో రెండో కిటికీ దగ్గర ఇస్తారు. మొదటి కిటికీ గుమస్తాయే కుర్చీ జరుపుకుని వచ్చి, మా సమస్య ఏమిటని మొదటి నుంచీ అడిగాడు.

అన్నీ అయ్యాక తనిఖీ మిగిలింది. సభలో ఎలా వాడబోతారో పరికరాన్ని అదే స్థితిలో, వైర్లన్నీ గుచ్చి తీసుకురావాలని పద్నాలుగో నిబంధన. ఏ వైరు ఎక్కడుందో చూపే పటం మూడు ప్రతులు. విక్టర్ పటం శ్రద్ధగా గీశాడు. సభకి రెండు రోజుల ముందు పెట్టెని ఒళ్లో పసిబిడ్డలా పెట్టుకుని, నాతో పాటు బస్సులో శ్రీకాకుళంలోని విభాగం ఆఫీసుకి వచ్చాడు.

తనిఖీ అధికారి నరసింగరావు గారు. ఈ విభాగానికి రాకముందు ఇరవై రెండేళ్లు ఊరూరా తిరిగి దుకాణాల కాటాలకి ముద్ర వేసిన మనిషి. ఆయన ముద్ర ఉన్న కాటాలో చేప తక్కువ తూగిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. మమ్మల్ని బయట కూర్చోమన్నారు. (దరఖాస్తుదారు ఎదురుగా ఉంటే పరికరం మొహమాటపడే ప్రమాదం ఉంది.) అరగంట తరవాత అటెండరు ఎర్రన్న పెట్టె పట్టుకొచ్చాడు. వైర్లన్నీ పీకి, కట్టగా పురికొస చుట్టి, లక్కతో సీలు వేసి, ‘వైర్లు ఇరవై మూడు, అన్నీ సరిగా ఉన్నవి’ అని చీటీ కట్టారు. నాబ్‌లన్నీ ఒకే వైపుకి, బడిపిల్లల వరసలా తిరిగి ఉన్నాయి.

విక్టర్ వంగి నాబ్‌లు ఒక్కొక్కటే చూశాడు. నేనే లోపలికి వెళ్లాను, అతను వెనకాల వచ్చాడు.

“అయ్యా, ఆ నాబ్‌లు ఎవరు తిప్పారండీ?”

“నేనే మాస్టారూ.” ఆయన ముఖం వెలిగిపోయింది. “నలభై ఒక్కటీ నా సేత్తోనే తిప్పాను. ఒక్కటంటే ఒక్కటి సున్నా మీద నేదు! మీరెవరూ సూసుకోనేదు.”

“సున్నా మీద ఎందుకుండాలి?”

“బలేవోరే. ముద్ర ఎయ్యాలంటే ముందు సున్నాకి రావాలి కదండీ. సున్నాకి రాని కాటాకి నేనెప్పుడూ ముద్ర ఎయ్యనేదు.”

“సార్, అవి అలా కుదరడానికి నాలుగు నెలలు పట్టింది,” అన్నాడు విక్టర్. “మా అత్తకి ఇనబడేది ఆ ఒక్క శబ్దమేనండి.”

నరసింగరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “పాపం. ఈ ముక్క ఫారంలో రాసుంటే బాగుణ్ణు బాబూ.”

ఫారంలో అలాంటి కాలమ్ లేదన్నాను. ఆయన ఫారం తెప్పించి అటూ ఇటూ తిప్పి చూశారు. “అవునండీ, నేదు” అని నిజంగానే బాధపడి, మాకు టీ తెప్పించారు. ఆయన్ని తిట్టాలనిపించింది. తిట్టడానికి ఆయన దగ్గర తప్పు దొరకలేదు, దాంతో కోపం ఇంకా పెరిగింది.

బయటికొచ్చాక విక్టర్ ఫోన్ తీసి చూశాడు. పెట్టె ఫొటో ఉంది కానీ, అందులో నాబ్‌లన్నీ వైర్ల గుత్తి వెనకాలే ఉన్నాయి. పటం ప్రకారం వైర్లు మళ్లీ గుచ్చుకోవచ్చు. నాబ్‌లే మొదటి నుంచీ వెతుక్కోవాలి.

“ఈయేళే సీలు ఇప్పేద్దాం మాస్టారూ. రెండు రోజులుంది. అత్త పక్కనుంటే ఎలాగో దొరకబుచ్చుకుంటాను.”

అనుమతి పత్రం నా చేతిలో ఉంది. సీలు సభాస్థలంలోనే, సభకి అరగంట ముందు, కార్యదర్శి సమక్షంలో విప్పవలెను. కింద నా సంతకం. నలభై ఏళ్లలో నేను సంతకం పెట్టిన కాగితాన్ని తప్పింది లేదు. ఆ మాటే చెప్పాను. విక్టర్ నన్ను ఎదిరించలేదు. చిన్నప్పుడు నా దగ్గర చదువుకున్నవాడు.

సభ రోజు అరగంట ముందు, నా సమక్షంలో, సీలు విప్పాం. ఎలీసమ్మ గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని, వేదిక మీద పెట్టె పక్కనే బెంచీకి అరచెయ్యి ఆనించి కూర్చుంది. విక్టర్ ఒక నాబ్ తిప్పేవాడు, మెట్టు వాయించేవాడు, ఆమెకేసి చూసేవాడు.

“కాదురా.”

మళ్లీ తిప్పేవాడు.

“ఇది కాదు. కంగారు పడకు, దొరుకుతాది.”

ఇరవై ఆరో నాబ్ దగ్గర పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెట్టారు. తరవాత క్వయర్ లేచింది. గిటారు చాలా బాగుందని అందరూ మెచ్చుకున్నారు. ఎలీసమ్మ పక్కవాళ్ల పెదాలు చూస్తూ నోరు తెరిచింది, అర చరణం వెనకబడింది, పక్కావిడ మోచేత్తో మెల్లిగా తట్టింది. అప్పుడామె నోరు మూసుకుని, బెంచీ మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. నేను తల దించుకుని అనుమతి పత్రం చదువుకున్నాను.

సభ ముగియగానే ఎర్రన్న ఆఖరి ఫారంతో దిగాడు. పరికరానికి అతి సమీపంలో ఉన్న వ్యక్తి అభిప్రాయం తీసుకోవాలట. కొలిచి చూస్తే ఆ వ్యక్తి ఎలీసమ్మే అయింది. ప్రశ్న ఒక్కటే: శబ్దం వల్ల మీకు ఇబ్బంది కలిగినదా? ఆమె రెండుసార్లు చదువుకుని, నా కలం అడిగి తీసుకుని, గుండ్రటి అక్షరాలతో రాసింది: “నాకు ఏమీ వినబడలేదు.” కింద సంతకం పెట్టింది.

ఆ ఫారాన్ని విభాగం వారు ఫ్రేము కట్టించి, మొదటి కిటికీకీ రెండో కిటికీకీ మధ్య గోడకి తగిలించారు. జిల్లాలో నూటికి నూరు మార్కులు వచ్చిన అనుమతి అదొక్కటేనట.