మంత్రి గారి నిలకడ

ఆ రోజు పొద్దున నల్లమల మీద ఒక మబ్బు లేచింది. ఆళ్లగడ్డ దాకా వచ్చి, నాలుగు చినుకులు రాల్చి, మధ్యలో వేరే పని గుర్తొచ్చినట్టు ఆగి, రుద్రవరం వైపు మళ్లింది. ఎండ కాసింది. మళ్లీ మబ్బు పట్టింది. షామియానా వాళ్లు గుడ్డ కప్పుతూ, తీస్తూ, మళ్లీ కప్పుతూ ఉన్నారు. ఇంతలో మైకు కట్టిన ఆటో వచ్చింది.

“మనసు ఒకచోట నిలవని వారికి శుభవార్త! రాయలసీమ చరిత్రలోనే మొట్టమొదటిసారిగా, ఏకాగ్రత లోపానికి ప్రత్యేక చికిత్సా కేంద్రం! మన ప్రియతమ నాయకులు, పట్టుదలకు మారుపేరు, మంత్రివర్యులు ఓబులేసు గారి అమృత హస్తాల మీదుగా నేడే ప్రారంభం!”

కేంద్రానికి చోటు వెతకడానికి ఒక నిపుణుల సంఘం వేశారట. వాళ్లు బాగా ఆలోచించి శిల్పుల వీధిని ఎంచారు. ఆ వీధిలో పొద్దు పొడిచింది మొదలు రాతి మీద ఉలి దెబ్బ ఆగదు. రాయి కోసే మిషన్ తిరిగిందంటే పక్కనున్న మనిషి మాట వినపడదు. ఇక్కడ మనసు నిలిపినవాడు ఇంకెక్కడైనా నిలుపుతాడని సంఘం అభిప్రాయం కావచ్చు. పెద్దల ఆలోచన మనకు అందదు.

నేను మా మనవరాలు వెన్నెలను తీసుకుని వెళ్లాను. మాది కొండ అంచున గూడెం. పిల్ల బడిలో కూర్చోదు. కిటికీలో ఉడుత కనబడితే దాని వెంట పోతుంది. టీచరమ్మ మంచిదే, కానీ తేల్చి చెప్పేసింది.

“మారెన్నా, ఆస్పత్రిలో సూపిచ్చుకోని రా. కూసుంటే పెట్టుకుంటా. ల్యాకుంటే నావల్ల కాదప్పా. మిగతా పిల్లోళ్లు గూడా దాని ఎంటే పోతాండారు.”

మంత్రి గారు వచ్చారు. రిబ్బన్ సగం కత్తిరించి, కత్తెర బాగుందే, ఎక్కడ కొన్నారని అడిగారు. మిగతా సగం పీఏ రామయ్య గారు కత్తిరించారు. దీపం ఒక వత్తి వెలిగించి ఫోనెత్తారు. మిగతా వత్తులు కూడా రామయ్య గారే వెలిగించారు. ఆ ఇద్దరికీ బాగా అలవాటైన పనిలాగా ఉంది, ఎక్కడా తడబాటు లేదు.

“సోదర సోదరీమణులారా! మనసు ఒకచోట నిలపడమంటే మాటలు కాదు. మనిషి అనేవాడు... ఈ షామియానా యెవురిదప్పా? బొక్కలు పడిండాయే. నంద్యాలలో బియ్యం మిల్లోళ్లు నాతో ఏమన్నారంటే... అది తర్వాత జెప్తా. ముందు ఆ రైలు గేటు సంగతి...”

అలా చాలాసేపు మాట్లాడి, ఈ పశువుల ఆస్పత్రిని ప్రారంభించే భాగ్యం కలిగినందుకు సంతోషమని ముగించారు. చప్పట్లు మోగాయి.

వేదిక మీద డాక్టర్ రెబెకా గారు కూర్చుని ఉన్నారు. మనసు జబ్బుల డాక్టరు, నంద్యాల మనిషి. పక్కన సైకాలజిస్టు ప్రభాకర్ గారు. పిల్లలు ఎంతసేపు కుదురుగా ఉంటారో కొలిచేది ఆయనే. చేతిలో ఎప్పుడూ నొక్కి సెకన్లు లెక్కపెట్టే గడియారం ఉంటుంది. మంత్రి గారు మాట్లాడుతున్నంత సేపూ ఆయన బొటనవేలు దాని మీదే ఉంది. రెబెకా గారు అటు చూడకుండానే అడిగారు.

“ఎట్లుంది?”

“ఒక్క వాక్యం గూడా కొన ముట్టలేదు మేడమ్.”

కేంద్రం నడిచింది. వైద్యం పెద్ద హడావుడి లేనిది. చాప వేస్తారు. పళ్లెంలో కందులు, పెసలు కలిపి ఇస్తారు. లేవకుండా వేరు చేస్తే చొక్కాకు కాగితం చుక్క ఒకటి అంటిస్తారు. వెన్నెల మొదట్లో ఉలి దెబ్బ దెబ్బకీ లేచింది. తర్వాత మిషన్ తిరిగినప్పుడే లేచింది. ఒకనాడు గోడ మీదికి ఉడుత వచ్చింది. పిల్ల దాన్ని చూసింది. మళ్లీ పళ్లెంలోకి చూసింది.

నేను బయటికొచ్చి బీడీ ముట్టించుకోబోయాను.

అప్పుడే కాగితం వచ్చింది. మార్చి ఆఖరుకు కేంద్రాన్ని నంద్యాలకు మారుస్తారు. ఆళ్లగడ్డలోనే ఉండాలంటే మంత్రి గారి సంతకం కావాలి. నంద్యాలంటే గూడెం నుంచి ఆటో, ఆటో దిగి బస్సు. రోజంతా పోతుంది. వారం వారం నేను పోలేను. నేను పోకపోతే వెన్నెల మళ్లీ ఉడుత వెంట పోతుంది. నాకు అర్థమైంది ఇంతే.

నంద్యాలలో గెస్ట్ హౌసుకు అందరం వెళ్లాం. మంత్రి గారు ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో ఇడ్లీ పట్టుకుని దర్శనమిచ్చారు. రామయ్య గారు ఫైళ్ల మూలలు మడిచి పక్కన పెడుతుంటే, ఇడ్లీ చేతులు మార్చి మార్చి సంతకాలు చేస్తున్నారు. ఆ చాకచక్యం చూసి తీరాలి.

“సార్, మా క్లినిక్ ఫైలు...” అన్నారు రెబెకా గారు.

“యా క్లినిక్కమ్మా?”

“ఆళ్లగడ్డది సార్. మీరే ప్రారంభించినారు.”

“ఓ, పశువుల ఆస్పత్రి! గొడ్లు బాగుండాయా?”

“గొడ్లు కాదు సార్, పిల్లలు.”

“పిల్లోళ్లకు గొడ్ల ఆస్పత్రిలో ఏం పని? రామయ్యా, దీని మీద ఎంక్వయిరీ ఎయ్యి.”

మేం మెట్లు దిగుతుంటే రామయ్య గారు వెనకాలే వచ్చారు. అటూ ఇటూ చూశారు.

“డాక్టరమ్మా, పెద్దోళ్లకు గూడా సూస్తారా మీరు?”

“ఎవరికి?”

“తెలిసినాయన. కూసోల్యాడు, సదవల్యాడు. సభలో కాలవ గురించి అడిగితే ఉల్లిగడ్డల రేటు జెప్పినాడు. పైనోళ్లు మండిపడతాండారు. ఒక్క పేజీ అన్నా సక్కంగా సదవకుంటే పదవి పీకేస్తామన్నారంట.”

రెబెకా గారు మెట్ల మీద ఆగి, గెస్ట్ హౌసు తలుపు వైపు చూశారు.

“తెలిసినాయన్ను గురువారం పిల్చుకోని రా. ఒక్కటే మాట. నయమైతే మా ఫైలు మొదటి నుంచి చివరి దాకా చదవాల.”

“సదువుతాడు తల్లీ. నయమైతే ఏమన్నా సదువుతాడు.”

ఆ శుక్రవారం పేపర్లో పడింది: ఏకాగ్రతా కేంద్రంలో మంత్రి ఆకస్మిక తనిఖీ. అప్పటి నుంచి ప్రతి గురువారం అదే వేళకు మంత్రి గారు ఆకస్మికంగా వచ్చేవారు. గేటు ముందే తీసిపెట్టేవాళ్లు. ప్రజారోగ్యం మీద అంత పట్టింపు ఉన్న నాయకుడిని నేను చూడలేదు.

మొదటి గురువారం ఆయన ఫోను తీసుకుని స్టీలు డబ్బాలో పెట్టి మూత వేశారు. మంత్రి గారు డబ్బా వైపు చూశారు. తల్లి బజారుకు పోతే పిల్లవాడు గడప వైపు చూస్తాడే, అలా. చాప మీద మా వెన్నెల పక్కన చోటిచ్చారు. పళ్లెం ముందు పెట్టారు. రెండు కందులు ఏరి ఆయన లేవబోయారు.

“ఓ పెద్దాయనా, యాడికి పోతాండావ్?” అంది వెన్నెల.

“ఒక్క ఫోను మాట్లాడొస్తా పాపా.”

“లేస్తే చుక్క ఇయ్యరు.”

“అర్జెంటు పాపా.”

“నాకు ఉడుత అర్జెంటు గాదా? నేను పోతాండానా? కూసో.”

మంత్రి గారు కూర్చున్నారు. ఆయనను కూర్చోమన్న మనిషి పార్టీలో ఎవరూ లేరట, రామయ్య గారు ముక్కు మీద వేలేసుకున్నారు. కొన్ని గురువారాలు పోయాక ఒకనాడు పళ్లెం అయిపోయింది. ప్రభాకర్ గారు ఖద్దరు చొక్కా జేబుకు కాగితం చుక్క అంటించారు. మంత్రి గారు దాన్ని అద్దంలో చూసుకుని, అలాగే పార్టీ ఆఫీసుకు వెళ్లారు.

మర్నాటి నుంచి కేంద్రం ముందు జీపులు ఆగాయి. చుక్క కొత్త పదవి అని ఎవరో అన్నారు. మండలం వాళ్లకు ఒకటి, జిల్లా వాళ్లకు రెండు అని ఇంకెవరో వివరించారు. గడివేముల నుంచి, పగిడ్యాల నుంచి కార్యకర్తలు వచ్చారు.

“నేను జెండా మోసినప్పుడు ఈడెవుడూ లేడు సార్. నాకు చుక్క రాల్సిందే.”

“ఇస్తామన్నా. నోరు మూసుకుని ఈ పళ్లెం ఏరాల,” అన్నారు ప్రభాకర్ గారు.

“పళ్లెం మా తమ్ముడు ఏరుతాడు. చుక్క నాకియ్యి.”

ఎవరికీ రాలేదు. కొందరు సిఫార్సు ఉత్తరాలు తెచ్చారు. అందరికన్నా తెలివైనవాడు నంద్యాలలో సొంతంగా చుక్కలు అచ్చేయించి, గుండెల నిండా అంటించుకుని ఫ్లెక్సీ కట్టించుకున్నాడు. ఆయనకు తర్వాత మార్కెట్ యార్డులో ఏదో ఇచ్చారు.

మంత్రి గారికి మాత్రం నయమైంది. నంద్యాలలో సమీక్షా సమావేశం జరిగింది. ఒక అధికారి లేచి సాగునీటి పనుల మీద నివేదిక మొదలుపెట్టాడు. మంత్రి గారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నారు. ఫోను తీయలేదు, మధ్యలో రైలు గేటు గురించి అడగలేదు. అధికారి చెప్పి చెప్పి ఆగాడు.

“ఊఁ, తర్వాత?” అన్నారు మంత్రి గారు.

“తర్వాత... అంటే సార్...”

“కాలవలో నీళ్లొస్తాండాయా, ల్యాదా?”

“అంతదాకా ఎప్పుడూ రాల్యా సార్. ఈ లోపలే టీ వస్తాండె.”

ఆ తర్వాత ఫైళ్లు కదలడం మానేశాయి. మంత్రి గారు చదువుతున్నారు. కాంట్రాక్టర్లు గెస్ట్ హౌసు వరండాలో కూర్చుని, ఎవరికో ఒళ్లు బాగాలేనట్టు మెల్లగా మాట్లాడుకుంటున్నారని రామయ్య గారు చెప్పారు. చెప్పిన ఆయనే చిక్కిపోయారు. రెబెకా గారి ముందు చేతులు కట్టుకున్నారు.

“అమ్మా, కొంచెం తగ్గిచ్చాల.”

“ఏం తగ్గించాల?”

“నయం. మరీ ఎక్కువైపోయినాది. ఆ జబ్బుకు మేమంతా అలవాటు పడిండాం. ఈ ఆరోగ్యం మాకు కొత్త. మొదటి పేజీ సదివితే సాలు, రెండో పేజీకి పోకుండా సూడండి తల్లీ.”

“మా దగ్గర అట్లాంటి మందు లేదు రామయ్యా.”

“యా ఊర్లో ఉంటాదో జెప్పండి, పోయి తెస్తా.”

పెద్ద మీటింగులో ఏం జరిగిందో నేను చూడలేదు. పేపర్లో చిన్నగా వేశారు. అందరూ సరే అన్న ఒక కాగితం మీద ఓబులేసు గారు చెయ్యెత్తి, “దీంట్లో ఏముందప్పా?” అని అడిగారట. గది నిశ్శబ్దమైపోయిందట. మంత్రిమండలి అంతటి ఏకాగ్రత చూపడం అదే మొదలు.

మార్చి ఆఖరి రోజు మంత్రి గారు మా ఫైలు చంకలో పెట్టుకుని స్వయంగా వచ్చారు. ఫోను అడగకుండానే డబ్బాలో వేశారు. చాప మీద కూర్చుని, లైను కింద వేలు పెట్టి పైకి చదవడం మొదలుపెట్టారు. బయట రాయి కోసే మిషన్ తిరుగుతోంది. డబ్బాలో ఫోను మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. ఆయన తలెత్తలేదు. ప్రభాకర్ గారు గడియారం నొక్కడం మరిచిపోయి, అటు తిరిగి కళ్లజోడు తుడుచుకున్నారు.

మంత్రి గారు చివరి పేజీ దగ్గర ఆగి నా వైపు చూశారు.

“మారెన్నా, నంద్యాలకు మారిస్తే పిల్లను తీస్కరాగలవా?”

“ల్యా సార్.”

“నువ్వు రాకుంటే?”

“బడి పోతాది.”

ఆయన కలం తీసి, ఆళ్లగడ్డలోనే కొనసాగించవలెనని గుండ్రటి అక్షరాల్లో రాశారు. కింద పూర్తి పేరుతో సంతకం చేశారు, తారీఖు వేశారు. రాసిందంతా మళ్లీ ఒకసారి చదువుకుని ఫైలు రెబెకా గారికి ఇచ్చారు. ఆమె రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నారు.

వరండాలో ఫోను మాట్లాడుతున్న రామయ్య గారు లోపలికొచ్చారు. మంత్రి గారి వైపు చూడలేదు.

“అమ్మా, ఆ సంతకం చెల్లదు.”

“ఎందుకు చెల్లదప్పా?” అన్నారు మంత్రి గారు.

“సార్... మీరు పొద్దున్నే రాజీనామా జేసినారంట.”

“నేనా?”

“అవు సార్. టీవీలో వస్తాంది. ఆరోగ్యం బాగలేక అంట.”

“నాకేమాయ?”

“మనసు నిలకడగా ల్యాదంట సార్. గురువారం గురువారం ఈడికొస్తాండారని పేపర్లోనే వచ్చిందంట గదా.”

రెబెకా గారు ఫైలు మూసి అడిగారు.

“కొత్త మంత్రి గారిని అడిగితే సంతకం పెట్టరా?”

“పెడతాడమ్మా, మంచాయన. ఏదిచ్చినా సూడకుండా పెడతాడు. ఇప్పుడే నంద్యాలకు మార్చే కాగితం ఇచ్చినారంట. అదీ సూడకుండానే పెట్టినాడు.”

రామయ్య గారు ఇంకేదో చెప్పబోయి, వాచీ చూసుకుని, వెళ్లిపోయారు. కారు కూడా ఆయనతోపాటే వెళ్లింది.

అన్నాల వేళయింది. ప్రభాకర్ గారు చాపలు దులిపి వరసగా పరిచారు. రెబెకా గారు క్యారియర్ విప్పారు. అన్నం, పప్పు, వంకాయ కూర. నేను గుడ్డలో కట్టుకొచ్చిన జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి మధ్యలో పెట్టాను. ఓబులేసు గారు ఎటు పోవాలో తెలియక నిలబడి ఉంటే, వెన్నెల కొంచెం జరిగి చోటిచ్చింది. ఆయన కూర్చున్నారు. రెబెకా గారు అందరికీ వడ్డించి తనూ కూర్చున్నారు.

తిన్నాం. ఓబులేసు గారు ప్లేటు మీది నుంచి కళ్లు ఎత్తకుండా, ఆఖరి మెతుకు దాకా తిన్నారు.