అర మోల్ కప్పు

ఆ రోజు పొద్దున బేకరీ యజమాని వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం మూడింటిలోపు కూతురి బడికి మూడు వందల బిస్కెట్లు పంపాలి. ఆ పని మధ్యలోనే కూతురికి రసాయనశాస్త్రం వచ్చేలా చేయాలి. పదో తరగతి చదువుతున్న ఆ పిల్లకు సమ్మేళనాల పేర్లలోనూ మోల్ లెక్కల్లోనూ మార్కులు తగ్గాయని కెమిస్ట్రీ టీచరు కబురు పంపింది. బిస్కెట్లు చెప్పిందీ ఆవిడే. అందుకని ఆయన వారం రోజులుగా కూతురి పుస్తకాన్ని తానే చదువుతున్నాడు. ఆ వారమంతా కూతురికి పుస్తకం లేదన్న సంగతి ఆయన దృష్టికి తెచ్చే ధైర్యం ఎవరూ చేయలేదు.

"ఇవాళ్టి నుంచి షాపులో అన్నిటినీ అసలు పేర్లతోనే పిలవాలి. చెవిన పడుతుంటే పిల్లకి అవే వస్తాయి," అన్నాడు భార్యతో.

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న భార్య తలెత్తలేదు. "పిల్ల బడికెళ్ళిపోయింది. ఇక పడాల్సిన చెవులు నావీ పిండి మాస్టారివే."

ఆయన చక్కెర డబ్బా మీద సుక్రోజ్ అని, ఉప్పు డబ్బా మీద సోడియం క్లోరైడ్ అని రాసి అంటించాడు. వంట సోడా దగ్గర పేచీ వచ్చింది. పుస్తకంలో సోడియం హైడ్రోజన్ కార్బొనేట్ అని ఉంది. హైడ్రోజన్ వాయువని ఆయన ముందురోజే చదివాడు. డబ్బాలో ఉన్నదేమో పొడి. అచ్చుతప్పని తేల్చేసి, హైడ్రోజన్‌ని కొట్టేసి, మిగిలింది రాశాడు. తర్వాత ట్రేలు తోమే బట్టల సోడా డబ్బా తీశాడు. పుస్తకం దాన్నీ సోడియం కార్బొనేట్ అనే అంటోంది. ఒకే సరుకుకు రెండు డబ్బాలెందుకని, రెండూ ఒకదాంట్లో పోసి శ్రద్ధగా కలిపాడు.

ముప్ఫై ఏళ్ళుగా పిండి కలుపుతున్న మాస్టారు లోపలికొచ్చి డబ్బాల వంక చూశాడు. "సోడా ఏదండీ?"

"సోడా అనకూడదు మాస్టారూ. సోడియం కార్బొనేట్."

"అదేలెండి. గుప్పెడు వేసేస్తాను."

"గుప్పెళ్ళు కాదు. మోల్స్‌లో వేయాలి."

అర మోల్ వంట సోడా నలభై రెండు గ్రాములని ఆయన ముందే లెక్క కట్టాడు. ఆ లెక్క సరైనదే. ఆ వారంలో ఆయన సరిగ్గా చేసిన పని అదొక్కటే. ఆ పొడి ఒక చిన్న స్టీలు కప్పుకు నిండుగా వచ్చింది. ఏ పదార్థమైనా ఒక మోల్‌లో ఉండే కణాల సంఖ్య ఒకటేనని పుస్తకం చెబుతోంది. సంఖ్య ఒకటైతే కప్పూ ఒకటే కదా. చక్కెర నాలుగున్నర మోల్స్, అంటే తొమ్మిది కప్పులు. ఉప్పు అర మోల్, అంటే నిండా ఒక కప్పు.

"చక్కెర కిలోన్నర పడాలండీ. ఇది అరకిలో కూడా లేదు," అన్నాడు మాస్టారు.

"కిలోలు పాత పద్ధతి."

మాస్టారు కప్పు చేతిలోకి తీసుకున్నాడు. చెప్పినట్టే కలిపి, తనకేం సంబంధం లేదన్నట్టు నిలబడ్డాడు.

పదకొండింటికి మొదటి ట్రే బయటికొచ్చింది. భార్య ఒక బిస్కెట్ కొరికి, చేతిరుమాల్లోకి ఉమ్మేసింది. "ఏమండీ, నోరు ఉతికి ఆరేసినట్టుంది."

"కంగారేం లేదు. ఆమ్లం పోస్తే క్షారం విరిగిపోతుంది. ఆరో పాఠం," అని ఆయన మిగిలిన పిండిలో వెనిగర్ సీసా మొత్తం ఒంపేశాడు.

పిండి ముందు బుస కొట్టింది. తర్వాత పొంగింది. తొట్టి అంచు దాటి, బల్ల మీదుగా నేలకు దిగింది. మాస్టారు మైదా బస్తా ఎక్కాడు. యజమాని పుస్తకాన్ని తడవకుండా పైకెత్తి పట్టుకుని తర్వాతి పేజీ తిప్పాడు. అందులో అభ్యాస ప్రశ్నలే ఉన్నాయి.

పన్నెండున్నరకు భోజనానికొచ్చిన కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. నేలనీ డబ్బాలనీ మార్చి మార్చి చూసింది.

"నాన్నా, బట్టల సోడా డబ్బా ఏది?"

"అదీ ఇదీ ఒకటేనమ్మా. కలిపేశాను."

"హైడ్రోజన్ ఉన్నది తినేది నాన్నా. లేనిది తోమేది. ఆ కప్పేంటి?"

"అర మోల్. దేనికైనా సరిపోతుంది."

"డజను నిమ్మకాయలు పట్టిన సంచిలో డజను గుమ్మడికాయలు పడతాయా? సంఖ్య ఒకటే, సైజులూ బరువులూ వేరు."

ఆయన కాసేపు గుమ్మడికాయల గురించి ఆలోచించాడు. "పుస్తకం నా దగ్గరుంటే నీకివన్నీ ఎలా వచ్చాయి?"

"పుస్తకం లేదుగా. క్లాసులో వినక తప్పలేదు."

అంతా చెత్తబుట్టలో పోసి, పక్క కొట్లోంచి కొత్త సోడా తెప్పించారు. మాస్టారు గుప్పెడు తీశాడు. పిల్ల ఊరుకోక దాన్ని తూకం వేసింది. నలభై రెండు గ్రాములు.

"మాస్టారూ, ఇది సరిగ్గా అర మోల్."

"ఏమోనమ్మా. నేను పిండిని చూసి వేస్తాను."

మూడుకు పది నిమిషాలుండగా మంచి బిస్కెట్లు బడికి చేరాయి. వాటికంటే ముందే కథ చేరింది. పిల్ల క్లాసులో పూసగుచ్చినట్టు చెప్పేసింది. మర్నాడు టీచరు ఫోన్ చేసేసరికి, బడి వాళ్ళు ఇక బిస్కెట్లు చెప్పరేమోనని యజమాని ముందుగానే క్షమాపణ చెప్పేశాడు. ఆవిడ మాత్రం, "సోమవారం మోల్ పాఠానికి మీ బేకరీ నుంచి ఒకరు అతిథిగా రావాలండీ," అంది.

ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించాడు. క్షవరం చేయించుకున్నాడు. రెండు పేజీల ఉపన్యాసం రాసి భార్యకు రెండుసార్లు చదివి వినిపించాడు. ఆవిడ రెండుసార్లూ విసుక్కోకుండా విన్నది.

సోమవారం తొమ్మిదింటికి టీచరు మళ్ళీ ఫోన్ చేసింది. "పిల్లలు ఎదురుచూస్తున్నారండీ. పిండి మాస్టారు బయల్దేరారా?"

యజమాని ఫోన్ చెవికి ఆనించుకునే తిరిగి చూశాడు. వెనక మాస్టారు మోచేతుల దాకా మైదాతో, చిరుగుల బనీనులో ఉన్నాడు.

"వస్తున్నారండీ," అన్నాడు చివరికి, చొక్కా గుండీలు విప్పుకుంటూ.

ఇస్త్రీ వృథా కాలేదు. మాస్టారికి భుజాల దగ్గర కాస్త వదులైంది, అంతే.