తూనీగ మనిషి నవ్వడు

సినిమా బాగుందో లేదో తేల్చే పని చూసినవాళ్ళకి వదిలేయకూడదని నాగరిక ప్రపంచం ఏనాడో గ్రహించింది. చూసినవాడికి సినిమా నచ్చేసే ప్రమాదం ఉంది. నచ్చినవాడు నిష్పక్షపాతంగా మాట్లాడలేడు. అందుకే ఇలాంటి బాధ్యతలు మోయడానికి సంఘాలు పుట్టాయి. వాటిలో తూనీగ మనిషి మూల సంరక్షక సంఘం అతి ముఖ్యమైనదని ఆ సంఘమే ఒక తీర్మానంలో పేర్కొంది.

తూనీగ మనిషి ఎవరో తెలియనివాళ్ళ కోసం (అలాంటివాళ్ళు ఉన్నారని సంఘం అధికారికంగా ఒప్పుకోదు) రెండు ముక్కలు. ఒకప్పుడు ఒక వారపత్రిక చివరి పేజీలో వచ్చిన బొమ్మల కథలో హీరో అతను. మామూలుగా లిఫ్టులు బాగుచేస్తుంటాడు. ఎవరికైనా ఆపద వస్తే నాలుగు రెక్కలు విప్పుకుని ఎగిరిపోతాడు. వీపు మీద రెక్కలతోపాటు కేప్ కూడా ఉంటుంది. రెక్కలున్నవాడికి కేప్ ఎందుకు అన్న ప్రశ్న సంఘంలో నిషిద్ధం. ఆ కేప్ మోకాళ్ళ దాకానా, మడమల దాకానా అన్నది మాత్రం ఒక ఉపసంఘం ఏళ్ళ తరబడి పరిశీలిస్తోంది. (ఈ కథ చెబుతున్నవాడు ఆ ఉపసంఘంలో సభ్యుడు. ప్రస్తుతానికి పిక్కల దాకా వచ్చాం.)

సంఘానికి కార్యదర్శి ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిముల సెక్షన్ గుమాస్తా. కాలు విరిగినవాడు కుంటుకుంటూ ఎదురుగా వచ్చి నిలబడినా, ఆ కాలు విరగొచ్చని పాలసీలో ఉందా అని అడగడం ఆయన ఉద్యోగం. ఆదివారం సంఘానికి వచ్చి అదే పని జీతం లేకుండా చేస్తాడు. ఎవరేమన్నా ముందు ఒకటే మాట: "మూలంలో ఉందా?" అందుకని అందరూ ఆయన్ని మూలంగారు అంటారు. ఆ పేరు ఎగతాళికి పెట్టారని ఆయనకి తెలుసు. తెలిసి కూడా లోలోపల మురిసిపోతాడు. అదే ఆయనతో వచ్చిన చిక్కు.

మూలం గురించి అభిమానులకి వచ్చే శంకలు తీర్చడానికి ఒక విభాగం తెరవాలని ఆయనకే తోచింది. సైకిల్ షాపు మేడ మీద సంఘం గదికి బోర్డు రాయించాడు: "ఇచ్చట మూలశంకలు తీర్చబడును. ఆదివారం మాత్రమే. ప్రవేశం ఉచితం." మూలమును గూర్చిన శంక మూలశంక. సమాసంలో తప్పేమీ లేదు. ఆ మాటకి జనంలో ఇంకో వాడుక ఉందని, అది మనిషి కూర్చునే చోటికి సంబంధించిన జబ్బని భార్య చెప్పి చూసింది. తూనీగ మనిషి కథలో ఆ అర్థం ఎక్కడా రాలేదని ఆయన తోసిపుచ్చాడు.

మొదటి ఆదివారమే మెట్ల మీద జనం కనిపించారు. ఒక్కో మెట్టూ జాగ్రత్తగా ఎక్కుతున్నారు. కొందరు చంకలో మెత్తటి దిండ్లు తెచ్చుకున్నారు. సంఘానికి ఇంత ఆదరణ వస్తుందని ఎవరూ అనుకోలేదు కాబట్టి ఎవర్నీ వెనక్కి పంపలేదు. కేప్ ముడి ఏ భుజం మీద ఉండాలన్న చర్చని, కుర్చీ చూపించినా కూర్చోకుండా చివరిదాకా నిలబడి విన్నవాళ్ళ నిష్ఠ చూసి అధ్యక్షుడి కళ్ళు చెమర్చాయి. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు మా ఉపసంఘంలోనే ఉన్నారు. జబ్బు తగ్గలేదు గాని కేప్ విషయంలో మంచి పట్టు సాధించారు.

ఇక అసలు సంగతి. బొమ్మల కథని సినిమాగా తీస్తే అది మంచి అనుసరణ ఎప్పుడవుతుంది అన్నదానికి సంఘం దగ్గర నియమావళి ఉంది. విలన్ మీసం వంపు దగ్గర్నుంచి లిఫ్టు తలుపు చప్పుడు దాకా అన్నీ అందులో ఉన్నాయి. వాటన్నిటికీ తలకాయ లాంటిది మొదటి నియమం. కథ మొదటి భాగంలో, మునిగిపోతున్న పడవలోంచి అందర్నీ ఒడ్డుకి చేర్చాక, చివరి బొమ్మ కింద ఒకే వాక్యం ఉంటుంది: "తూనీగ మనిషి నవ్వడు." ముసుగు ముక్కు దగ్గర్నుంచి గడ్డం దాకా కప్పేసి ఉంటుంది కాబట్టి బొమ్మలో చూసి తేల్చుకోవడానికి లేదు. నవ్వడు అంటే నవ్వడు. లోకం బాధ మోసేవాడికి నవ్వెలా వస్తుంది? సంఘం అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. రోజంతా జనం చేత నోళ్ళు తెరిపించే మనిషి. ఆయన ఈ ఒక్క వాక్యం మీద ఉపన్యాసం మొదలుపెడితే కింద సైకిల్ షాపువాడు షట్టర్ దించేసి ఇంటికి పోతాడు.

కార్యదర్శి ఆ వాక్యం చదివింది నిక్కర్ల వయసులో. ఆ రోజు నుంచి తనూ నవ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. పిల్లలు పెట్టుకునే ఒట్లు మామూలుగా సాయంత్రానికి చెరిగిపోతాయి. ఈయన క్లెయిముల మనిషి కావాల్సినవాడు కాబట్టి అది చెరగలేదు. పెళ్ళి ఫొటో చూసిన చుట్టాలు ఆయన్ని ఓదార్చబోతారు. పుట్టిన బిడ్డని ఎత్తుకున్న ఫొటోలో, ఆ బిడ్డకి సంబంధించిన కాగితాలేవో తక్కువైనట్టు చూస్తుంటాడు.

అలాంటి రోజుల్లో తూనీగ మనిషి సినిమా వచ్చింది.

సంఘం పద్ధతి ప్రకారం ముందుగా ఒక ప్రథమ వీక్షకుడు వెళ్ళి చూసి మార్కులు వేస్తాడు. సినిమా తమకి నచ్చిందో లేదో మిగతా సభ్యులకి ఆ తర్వాతే తెలుస్తుంది. ప్రథమ వీక్షకుడిగా మూలంగారిని తప్ప ఇంకెవర్ని పంపుతారు? ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే ఏడో తరగతి చదివే కూతురు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నేనూ వస్తా నాన్నా."

"నేను సరదాకి వెళ్ళడం లేదమ్మా."

"నువ్వు పనికే రా. నేను సరదాకి వస్తా."

ఈ వాదనని తిప్పికొట్టే నియమం ఏదీ లేదు.

సగం సినిమా దాకా ఆయన చక్కగా బాధపడ్డాడు. మీసం వంపు తప్పు. లిఫ్టు చప్పుడు తప్పు. తర్వాత ఒక సన్నివేశం వచ్చింది. పెద్ద భవనం కాలిపోతుంటే అందర్నీ కాపాడిన తూనీగ మనిషి, తిరిగి వెళ్తూ తన కేప్ లిఫ్టు తలుపులో ఇరుక్కుని ఆగిపోతాడు. లోపల కూరగాయల సంచీతో ఒక ముసలావిడ. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, "రెక్కలున్నాయి కదా నాయనా, ఈ దుప్పటెందుకు?" అంటుంది. తూనీగ మనిషి కాసేపు ఆలోచిస్తాడు. ముసుగు కిందికి లాగి నవ్వుతాడు.

కార్యదర్శి కూడా నవ్వాడు. కాస్త పెదవి కదిలిందని సర్దిచెప్పుకునే నవ్వు కాదు. కడుపు పట్టుకుని, ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూసేలా నవ్వాడు. ఇన్నేళ్ళుగా తనూ అదే అడుగుదామనుకున్నాడు మరి. నవ్వుతూ పక్కకి చూస్తే కూతురు తెర వైపు చూడటం లేదు. తనవైపే చూస్తోంది. తూనీగ మనిషి ఎగరడం కన్నా అదే పెద్ద వింతన్నట్టు కళ్ళు ఇంతింత చేసుకుని చూసి, తర్వాత తనూ నవ్వింది. ఆ క్షణంలో ఆయనకి చాలా సంతోషం వేసింది. మాటలు వెతుక్కోనక్కర్లేని మామూలు సంతోషం. ఇంటికి వెళ్ళేదాకా అది నిలిచింది.

ఇంతటి నేరం బయటపడకుండా ఉండదు. ఆ వారమే అమ్మాయికి పన్ను పుచ్చి అధ్యక్షుడి క్లినిక్‌కి తీసుకెళ్ళారు. నోరు బార్లా తెరిచి ఉండగానే ఆ పిల్ల సినిమా గురించి చెప్పడం మొదలుపెట్టింది. డాక్టరుకి ఏమీ అర్థం కాలేదు. పుక్కిలించి మళ్ళీ చెప్పింది: "మా నాన్న నవ్వాడు అంకుల్. హాల్లో అందరికన్నా గట్టిగా." అది ఫిర్యాదు కాదు, గొప్ప చెప్పుకోవడం. డాక్టరు చేతిలో పరికరం కింద పెట్టేశాడు.

ఆదివారం విచారణ. సాక్షిగా అమ్మాయిని కూడా పిలిచారు. బోర్డు చూసి పైకి వచ్చినవాళ్ళు వెనక గోడవారగా నిలబడ్డారు. వాళ్ళలో కళ్ళజోడు పెట్టుకున్న ముసలాయన ఒకడు, అక్కడ డాక్టరు కూడా ఉన్నాడని విని ఆశగా ఎదురుచూస్తున్నాడు. (ఏ డాక్టరో చెప్పడానికి ఎవరికీ మనసొప్పలేదు.)

అధ్యక్షుడు అభియోగం చదివాడు. "తూనీగ మనిషి నవ్వడు అన్నది మూలం. దానికి విరుద్ధంగా సినిమాలో నవ్వాడు. దానికి ప్రోత్సాహంగా మన ప్రథమ వీక్షకుడు కూడా నవ్వినట్టు సమాచారం."

"అది నవ్వాడు నాయనా," అని వెనకనుంచి వినిపించింది.

"అదే అంటున్నాం. సినిమాలో నవ్వాడనే."

"సినిమా సంగతి నాకు తెలీదు. పత్రికలో. 'తూనీగ మనిషి నవ్వాడు' అని రాసిచ్చా. అచ్చులో దీర్ఘం పడలేదు. అప్పట్లోనే ఎడిటర్‌కి చెప్పా. పిల్లల పేజీయే కదా, ఎవడు చదువుతాడన్నాడు."

ఆ కథ రాసింది తనేనని, పేర్లు వేసే అలవాటు ఆ పత్రికకి లేదని ముసలాయన మెల్లగా చెప్పాడు. అధ్యక్షుడు ఆయన్ని పరీక్షించాడు. కేప్ ముడి ఏ భుజం మీద?

"ఏమో. బొమ్మ వేసినాయన ఇష్టం."

విలన్ తల్లి ఊరేది?

"విలన్‌కి తల్లి కూడా ఉందా?"

సభలో కలకలం రేగింది. "సరే, మీరే రాశారనుకుందాం," అన్నాడు అధ్యక్షుడు. "లోకం బాధంతా మోసేవాడు ఎందుకు నవ్వాడు?"

ముసలాయనకి ఆ ప్రశ్నే అర్థమైనట్టు లేదు. "పడవ ములుగుతుంటే అందర్నీ ఒడ్డుకి తెచ్చాడు. నవ్వడా మరి?"

ముసలాయన చెప్పేది నిజమని వింటుంటేనే కార్యదర్శికి తెలిసిపోతోంది. ఒక్క దీర్ఘం. అది పడి ఉంటే పెళ్ళి ఫొటో ఇంకోలా ఉండేది. బిడ్డ ఫొటో ఇంకోలా ఉండేది. ఎవడో కంపోజింగ్‌లో జారవిడిచిన గీత కోసం తను ఇన్నేళ్ళు మూతి బిగించుకు తిరిగాడు. లేచి ఆ మాట చెబుదామనే అనుకున్నాడు. కానీ మనం పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నాలుగోది కళ్ళముందు ఆడుతున్నా, దాని సంగతి ముందు కమిటీకి నివేదించాలి కదా.

సంఘం చర్చించి తీర్పు చెప్పింది. ఈయనే రచయిత అని మూలంలో ఎక్కడా లేదు. మూలంలో లేనిది చెల్లదు. పైగా మూలాన్ని రాసినవాడు దాన్ని బయటినుంచి చూసినవాడు, లోపల కాపురం ఉంటున్నది అభిమానులు. కాబట్టి "నవ్వడు" యథాతథం. (చేతులెత్తినవాళ్ళలో ఈ కథ చెబుతున్నవాడు కూడా ఉన్నాడు. పిక్కల దాకా వచ్చిన పని మధ్యలో ఆగిపోతుందేమోనన్న భయం.)

"ఇక మీ సంగతి," అని అధ్యక్షుడు కార్యదర్శి వైపు తిరిగాడు. గొంతులో దయ ఉంది. ఈయన పోతే సంఘానికి ఇంకో మూలంగారు దొరకరు. "దీర్ఘాల దగ్గర పొరపాట్లు జరుగుతుంటాయని ఇప్పుడే విన్నాం. పాప 'నవ్వాడు' అన్నట్టు నాకు వినిపించింది. పళ్ళ నొప్పిలో ఉన్న పిల్ల. 'నవ్వడు' అనే అని ఉండొచ్చు. మీరు ఒక్క మాట చెబితే సరిపోతుంది. నవ్వారా?"

కూతురు ముందు వరసలో కూర్చుని ఉంది. సినిమా హాల్లో చూసినట్టే చూస్తోంది, కళ్ళు ఇంతింత చేసుకుని.

ఆయన గొంతు సవరించుకున్నాడు. తర్వాత క్లెయిముల సెక్షన్లో రోజూ వాడే గొంతుతో చెప్పాడు. "నవ్వలేదండీ. దగ్గు వచ్చింది."

చప్పట్లు కొట్టారు. ఆయన పదవి నిలిచింది. సినిమాకి నూటికి పదకొండు మార్కులు పడ్డాయి. నచ్చలేదని తెలిసి సభ్యులందరూ ఊపిరి పీల్చుకున్నారు. ముసలాయన, ఇంతకీ అసలు డాక్టరు ఏ వీధిలో ఉంటాడో కనుక్కుని, గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

తండ్రీకూతుళ్ళు ఇంటికి నడుస్తున్నారు. పిల్ల ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పి ఉండేవాడు, అందుకు తగిన అనుభవం ఆయనకి ఉంది. అడగకపోయేసరికి తనే మొదలుపెట్టాల్సి వచ్చింది.

"వచ్చే శనివారం ఇంకోసారి వెళ్దామా సినిమాకి?" అన్నాడు. "పని మీద కాదు. ఊరికే, సరదాకి."

"పిన్నితో వెళ్తాలే నాన్నా."

"పిన్నితోనా? తూనీగ మనిషి ఎవరో కూడా తెలీదు కదే దానికి."

"అందుకే," అంది అమ్మాయి.

మంచి అనుసరణ అంటే ఏమిటో ఆ ఒక్క మాటలో తేలిపోయిందని, ఇది నియమావళిలో చేర్చి తీరాలని ఆయనకి గట్టిగా అనిపించింది. కానీ సవరణ అన్నాక ప్రతిపాదించేవాళ్ళు ఒకరు, బలపరిచేవాళ్ళు ఒకరు కావాలి. బలపరచాల్సిన మనిషి అప్పటికే సందు మలుపు తిరిగిపోయింది.