మామగారి బ్యాకప్

ఆ ఆదివారం ఉదయం మహేష్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పొద్దున్నే షాపులో కంప్యూటరుకు బ్యాకప్ పెట్టాలి. మధ్యాహ్నానికి భార్య సుప్రియను బండెక్కించుకుని వేములలో అత్తగారింటికి చేరాలి. సాయంత్రం అక్కడి కబడ్డీ పోటీల్లో మామగారు ఆదినారాయణ బహుమతులిస్తాడు. ఊరి మొదట్లో ఆయన ఫ్లెక్సీ వెలగాలి. అల్లుడి ఫ్లెక్సీ డిజైన్ల వృత్తిని పెళ్లినాటి నుంచీ "బొమ్మలు అతికే పని" అంటూ వచ్చిన ఆ పెద్దమనిషి, మొదటిసారి ఆ పని తనకోసం చేయమన్నాడు. ఈ ఒక్కదానితో ఆయన చేత "పనిమంతుడు" అనిపించుకోవాలని మహేష్ ఆశ.

బ్యాకప్ పిచ్చి పోయిన నెలలో పట్టుకుంది. జమ్మలమడుగులోని తన షాపులో హార్డ్ డిస్క్ మూలిగి మూలిగి మూర్ఛపోతే, రిపేరతను ఎలాగో బతికించి, "ఇంకోసారి నా వల్ల కాదు" అని చేతులెత్తేశాడు. అప్పటినుంచి మహేష్ సాఫ్ట్‌వేర్ల వేటలో పడ్డాడు. ఒకటి పెళ్లిచూపుల్లో కూడా అడగనన్ని ప్రశ్నలు అడిగింది. ఇంకొకటి రెండు వారాలు ఉచితమని ఊరించి మొహం చాటేసింది. మూడోదానికి ఉన్నది ఒకే ఒక్క పచ్చ బటన్. అది అడిగింది కూడా ఒక్కటే, ఎక్కడ దాచాలని.

షాపులోనే దాస్తే షాపుతో పాటే పోతుంది గదా అని మహేష్ బుర్ర పాదరసంలా పనిచేసింది. కంప్యూటర్లో "ప్రొద్దుటూరు" అనే ఫోల్డరుంది. ఇక్కడ అందులో ఏది వేసినా నెట్టులో వెళ్లి, ప్రొద్దుటూరులో ఫ్లెక్సీలు అచ్చువేసే షఫీ మిషన్ దగ్గర తేలుతుంది. షఫీ మారుమాట లేకుండా అచ్చు వేసి, ఏ ఊరిదైతే ఆ ఊళ్లో కట్టించేస్తాడు. మామగారి బహుమతుల ఫ్లెక్సీని అప్పటికే అందులో వేసిన మహేష్, దాచే చోటుగా ఆ ఫోల్డర్నే చూపించి, బటన్ నొక్కి, స్నానానికి ఇంటికెళ్లాడు.

కంప్యూటర్లో ఉన్నవన్నీ వరసగా బయల్దేరాయి. వాటిలో బయటికి రాకూడనివి కొన్నున్నాయి. ఏ ఇంట్లోనైనా పెద్దమనిషి పోతే, చుట్టాలు బస్సు దిగేలోపే ఊరి మొదట్లో నివాళి ఫ్లెక్సీ నిలబడాలి. లేకపోతే ఇంటి పరువు పోతుంది. అందుకని ఒంట్లో బాగాలేని పెద్దలవి ముందే చేసి ఉంచుకోవడం ఈ వృత్తిలో మామూలు. పోయిన ఎండాకాలం ఆదినారాయణ గుండెనొప్పితో ఆస్పత్రిలో చేరినప్పుడు, సుప్రియ అక్కడ ఏడుస్తుంటే మహేష్ ఇక్కడ ఆ పని కూడా చేసేశాడు. తీరా అది గ్యాస్ అని తేలింది. డిజైన్ మాత్రం ఎంత బాగా కుదిరిందంటే, సిగ్గులేని పనని తెలిసీ చెరపడానికి చేతులు రాలేదు.

ముద్దనూరు దాటుతుండగా షఫీ ఫోన్ చేశాడు. గాలి హోరులో అతని గొంతులో జీర మహేష్‌కు వినపడలేదు.

"అన్నా, మీ మామది మా వాళ్లు వేములకు ఎత్తుకపోయినారు. కట్టేయమంటావా?"

"కట్టేయమను షఫీ. శానా దినాలనుంచి ఈ రోజు కోసమే ఎదురుచూస్తాండా!"

"అట్లనద్దన్నా. వదిన ఎట్లుంది?"

"ఆమెకేంది, పట్టుచీర కట్టుకోని ఎనకాల కూచోనుంది. సాయంత్రం డప్పులు గూడా పెట్టినారంట."

"డప్పులు ఎట్లాగూ ఉంటాయిలే అన్నా. ధైర్యంగా ఉండు."

బహుమతుల సభకు ధైర్యమెందుకో మహేష్‌కు అర్థం కాలేదు. మామగారంటే షఫీకి కూడా భయమే కాబోలు అనుకున్నాడు.

వేముల మొదట్లో బండి దానంతటదే ఆగిపోయినట్టయింది. ఫ్లెక్సీ మీద తెల్లచొక్కాలో చిరునవ్వుతో ఆదినారాయణ. పైన "అశ్రునివాళి". కింద, "శోకతప్త అల్లుడు" అన్న అక్షరాల పక్కన, నల్లకళ్లద్దాలతో పళ్లన్నీ బయటపెట్టి మహేష్. కబడ్డీ ఆటగాళ్లు నిక్కర్లతోనే తలలు వంచుకుని నిలబడ్డారు. వాళ్ల ముందు కొత్త పంచెలో ఆదినారాయణ, దండలతో వస్తున్న ఒక్కొక్కరికీ "బతికే ఉండానప్పా, పో" అని చెప్పి పంపిస్తున్నాడు.

"నాయనా!" అంటూ సుప్రియ వెళ్లి తండ్రిని పట్టుకుంది. మహేష్ షఫీకి ఫోన్ కొట్టాడు.

"రెండొచ్చినాయన్నా. బహుమతులిచ్చేది ఒకటి, నివాళి ఒకటి. పోయినాయన బహుమతులెట్లిస్తాడని రెండోదే కట్టించినా. ఇంకా ఏందేందో వస్తానే ఉండాయి..."

"ఆపు షఫీ! మిషన్ ఆపు!"

ఆదినారాయణ దగ్గరికొచ్చాడు. "ఇది ఎప్పుడు చేసినావు?"

"పోయిన ఎండాకాలం మామా. నువ్వు ఆస్పత్రిలో ఉండంగ."

ఊరంతా విన్నది. ఆ ఫ్లెక్సీలో మామ ఉన్నచోట తానుండి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది మహేష్‌కు.

"నా ఒక్కనిదే చేసినావా? మీ నాయన నాకంటే పెద్దోడు గదా. ఆయనది?"

మహేష్ తల దించుకున్నాడు. "ఉంది మామా." అది అబద్ధమైనా బాగుండేది.

ఆదినారాయణ మొహం విప్పారింది. "అట్లయితే న్యాయమే. సొంత నాయనను గూడా వదల్లేదంటే పనిమంతునివేనప్పా నువ్వు! నీ బొమ్మలో ఆ అద్దాలు, ఆ నవ్వు మాత్రం తీసెయ్. ఏడ్చేటోడు నవ్వుతాడా?"

ఇన్నేళ్లు ఎదురుచూసిన మాట వినపడినా మహేష్ తలెత్తలేకపోయాడు. ఎత్తేసరికి ఎదురుగా సుప్రియ ఉంది. ఆమెకు ఆ మధ్య టైఫాయిడ్ వచ్చి తగ్గింది.

"నాది?" అంది.

లేదని చెప్పడానికి మహేష్ ఒక్క క్షణం ఆలస్యం చేశాడు.

సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది. షాపులోనే పడుకుంటున్నాడు కాబట్టి ఆ సంగతి మహేష్‌కు రోజూ తెలుస్తోంది.