మేనేజరు అడిగిన రెండు బూరెలు

దోహా అంతా చమురు డబ్బుతో ఉడుకుతున్న రోజులవి. ఆ గురువారం ఉదయం డ్రాఫ్ట్స్‌మన్ శ్రీరామమూర్తి ఒక్కటే అనుకుని ఆఫీసుకు బయల్దేరాడు: ఇవాళ ఎలాగైనా కంపెనీ ఫ్లాటు అడిగేయాలి. అల్ దోహా అల్ జదీదాలో వాళ్ళది ఒంటిగది. పోపు పెడితే ఆవాలు మంచం మీద పడుతున్నాయి.

ఫ్రెంచి మేనేజరు ఫోన్లో ఉన్నాడు. మూర్తిని చూడగానే రిసీవరు చేత్తో మూసి గబగబా అన్నాడు. "మూర్తీ, సాయంత్రం మా ఇంట్లో పార్టీ. పాతికమంది. నీ భార్యకు బూరే వచ్చా? రెండు కావాలి. ఒకటయ్యాక వెంటనే ఇంకొకటి."

మేనేజరు దసరాకు మూర్తి ఇంటికొచ్చి బూరెలు తిన్నాడు, మూర్తి భార్య అనంతలక్ష్మి వయొలినూ విన్నాడు. మూర్తికి బూరెలే గుర్తున్నాయి. "రాకపోవడమేమిటి సార్, చెయ్యి తిరిగిన మనిషి!" అన్నాడు. మేనేజరు ఇచ్చిన కవరు ఆహ్వానపత్రం అనుకుని జేబులో పెట్టుకున్నాడు. ఫ్లాటు సంగతి బూరెలు తిన్నాక ఎత్తుదామనుకున్నాడు.

"మనిషికి రెండు లెక్కన యాభై చాలు" అన్నాడు ఇంటికొచ్చి.

"యాభై పట్టుకెళితే కాకినాడ పరువేం కావాలండీ? రెండొందలు చేస్తాను" అంది అనంతలక్ష్మి.

కంపెనీ క్యాంపులో వంట చేసే హన్మాండ్లు వాళ్ళ మూకుడు చూసి నవ్వాడు. "గీ దాంట్ల రెండొందలా? తెల్లారుతది సారూ. మా క్యాంపు కడాయి తెస్త, యల్లా, కానియ్యుండ్రి!" తెచ్చాడు గానీ అది గుమ్మంలో పట్టలేదు. సందులోనే పొయ్యి పెట్టారు. పొగ చూసి పరుగెత్తుకొచ్చిన పోలీసు నాలుగు తిని, కేసు లేదని వెళ్ళిపోయాడు.

సాయంత్రం మేనేజరు ఇంట్లో కుర్చీలన్నీ గోడవారకు జరిపి ఉన్నాయి. చేతిలో ఫ్లూటుతో ఎదురొచ్చిన మేనేజరు భార్య బూరెల గంగాళం చూసి ఆగిపోయింది.

"వయొలిన్ ఏది?"

"బూరెలు తెచ్చాం మేడమ్" అన్నాడు మూర్తి.

"బూరే అంటే మా దేశపు పాత నాట్యం! గెంతుతూ ఆడే హుషారు నాట్యం. దానికి పాట వాయించాలి. కవరు చూడలేదా?"

కవరు తెరిస్తే పాటల స్వరాలు రాసిన కాగితాలు, గీతల మీద చీమల్లా నల్లచుక్కలు. అనంతలక్ష్మి మొగుడి వంక చూసిన చూపుకు అతను గంగాళం చాటుకు జరిగాడు.

గంగాళం మోసుకొచ్చిన హన్మాండ్లు క్యాంపు పికప్‌లో వెళ్ళి వయొలిన్ తెచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ అతిథులు ఊరికే ఉండలేక బూరెలు తిన్నారు. మేనేజరు భార్య ఫ్లూటు మీద వాయిస్తే అనంతలక్ష్మి ఆ రెండు పాటలూ రెండేసి సార్లు విని, "చిన్నప్పుడు నేర్చుకున్న ఇంగ్లీషు బాణీ నొట్టుస్వరంలాగే ఉంది, శంకరాభరణమే! తాళం పడకముందే ఎత్తుకోవాలి, అంతే" అని తివాచీ మీద బాసింపట్టు వేసుక్కూర్చుంది. పాట గుర్రప్పిల్లలా ఎగిరింది. నాట్యానికి మాత్రం ఎవరూ లేవలేదు. లేచిన ఒక్కాయన ఒక్క గెంతు గెంతి, పొట్ట పట్టుకుని కూలబడ్డాడు.

ఫ్లాటు ఆశ వదులుకుని మూర్తి శనివారం ఆఫీసుకు వెళ్ళాడు. మేనేజరు ఒక తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"ముఐథర్‌లో కంపెనీ ఫ్లాటు. మూడు గదులు, పెద్ద హాలు."

మూర్తి కళ్ళు చెమర్చాయి. "సార్, మీ మేలు..."

"మా తివాచీకి నూనె మరకలు వదలడం లేదు. నా భార్య నీ భార్యను వదిలేలా లేదు. ఇకనుంచి గురువారం నాట్యం మీ హాల్లోనే."

ఇప్పుడు ప్రతి గురువారం సాయంత్రం ఆ పెద్ద హాలుగల ఇంటాయన మూర్తి లోపల చోటు లేక మెట్ల మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.