భావనారాయణగారి చిలుము

ఆ శనివారం పొద్దున భావనారాయణ వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. మధ్యాహ్నం దాకా ఆఫీసు, తర్వాత ఇంట్లో భోజనం, నాలుగింటికి రిక్షా, అయిదింటికి ఆబిడ్స్‌లో గ్రంథాలయం మేడమీద ఉపన్యాసం. విషయం: యుద్ధం రోజుల్లో కాకినాడ తీరాన మునిగిపోయిన సరుకుల ఓడ. జాలర్లు దాన్ని నల్లోడ అనేవారు. మనిషి నాంపల్లిలో సర్కారీ గుమాస్తానే గానీ, రాష్ట్రం ఏర్పడినప్పుడు కాకినాడ నుంచి పెట్టే బేడాతో పాటు ఆ ఓడను కూడా నెత్తిన పెట్టుకుని వచ్చాడు. సెలవు దొరికితే చాలు, సముద్రం ఒడ్డుకు పోయి వలలు అల్లేవాళ్ల పక్కన చతికిలబడి, "ఆ రోజు ఏం చూశావు తాతా?" అని అడిగి రాసుకునేవాడు. పెళ్లికి వెళ్లినా పెళ్లికొడుకు పేరు తెలుసుకునేవాడు కాదు, ఓడ సంగతి ఎరిగిన ముసలివాళ్లెవరైనా వచ్చారా అని పందిరంతా వెతికేవాడు.

కిందటేడు ఒక వలకు ఆ ఓడ గంట తగులుకుంది. ఇత్తడి గంట, రెండు చేతులా పట్టి ఎత్తితే గానీ లేవదు. ఒళ్లంతా పచ్చటి చిలుము. దాన్ని రైల్లో పక్కన కూర్చోబెట్టుకుని మరీ హైదరాబాద్ తెచ్చాడు. భార్య సుబ్బరత్నం తోముతానంటే చింతపండును దాని దాపులకు రానివ్వలేదు. "ఆ చిలుమే చరిత్ర, రత్నం! సముద్రం వేసిన ముద్ర అది. అది పోతే మిగిలేది వట్టి ఇత్తడి" అనేవాడు.

ఈ గోలంతా ఒక ఎత్తు, వెంకటరత్నమ్మ ఒక ఎత్తు. ఆమె భర్త తాతారావు ఆ ఓడలో కళాసీ. ఓడతోనే పోయాడు. శవం దొరకలేదు, ఒంటి మీది గుడ్డముక్క కూడా దొరకలేదు. "ఆయన చెయ్యి తగిలిన వస్తువు ఒక్కటి నా చేత్తో ముట్టుకుంటే చాలు బాబూ" అని ఆమె అడిగింది. ముట్టిస్తానని భావనారాయణ మాటిచ్చాడు. ఆ మాట కోసమే ఆమె రాత్రంతా రైల్లో కూర్చుని వస్తోంది. ఉపన్యాసం ఎటు పోయినా ఫరవాలేదు, ఈ మాట మాత్రం పోకూడదు.

సుబ్బరత్నం ఆమెను తీసుకురావడానికి నాంపల్లి స్టేషనుకు వెళ్లింది. రైలు ఆలస్యం. భావనారాయణకేమో ఆఫీసు వేళ మించిపోతోంది. ఇల్లు తాళం వేసి గంటను ఒంటరిగా వదలడానికి మనసొప్పక, ఇంటిగలావిడ సౌభాగ్యమ్మ వరండాలోకి మోసుకొచ్చి, నోరు పైకి ఉండేలా గోడకు ఆనించాడు.

"అమ్మా, దీన్ని కాస్త కనిపెట్టుకుని ఉండండి. సాయంత్రం సభకు తీసుకుపోవాలి. దీని మీద చిలుము ఉంది చూశారూ, అది మాత్రం పోకూడదు. చిలుము పోతే నా పరువు పోయినట్టే."

సౌభాగ్యమ్మ తరతరాల హైదరాబాదీ. ఆమెకు తెలిసిన చిలుం ఒక్కటే, నిప్పు వేసి గంజాయి పొగ పీల్చేది. భావనారాయణను ఎగాదిగా చూసింది. "ఔ, చూస్త. మీరు పోయి రాండ్రి" అంది.

అతను వీధి మలుపు తిరగగానే ఆమె వెతకడం మొదలుపెట్టింది. గంట లోపల చూసింది, కింద చూసింది, చుట్టూ కప్పిన గోనెపట్టా దులిపింది. చిలుం లేదు. ఎవడు ఎత్తుకుపోయాడో గానీ పీడ పోయింది అనుకుంది. కానీ ఎదురుగా గుండిగలా కూర్చున్న ఆ గంట సంగతేమిటి? నలుగురూ కూడే సభకు ఇంత పాచి పట్టిన సామాను పోవడమా! కిరాయికున్నవాళ్ల ఇజ్జత్ పోతే ఇంటిగలవాళ్ల ఇజ్జత్ పోయినట్టు కాదూ? పుణ్యాత్మురాలు వెంటనే రిక్షాను పిలిచి, మొజంజాహీ మార్కెట్ దగ్గర గిన్నెలకు కలాయి పూసే అతనికి దాన్ని పంపించేసింది.

మధ్యాహ్నం భావనారాయణ వచ్చేసరికి వరండా బోసిగా ఉంది.

"సౌభాగ్యమ్మగారూ, గంట ఏదండీ?"

"తోమనీకి పంపిన."

భావనారాయణ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "చిలుము! చిలుము పోకూడదని చెప్పానే!"

"నీ చిలుం గాడ లేనే లేదు. మొత్తం దేవులాడిన. ఉంటె మాత్రం ఇస్తనా ఏంది?" పొద్దున ఉన్న మీరు అప్పటికే నువ్వులోకి దిగిపోయింది. "గంత సదువుకున్నోడివి, గదేం పాడలవాటు? సుబ్బరత్నం ఎంత మంచి పిల్ల! ఆమెకైతే నేను చెప్పలే. పక్కింటోళ్లకే చెప్పిన, నీ మీద జర నిగా పెట్టమని."

అయ్యో రామా, ఆ చిలుం వేరు ఈ చిలుము వేరు అని వివరించే వ్యవధి ఎక్కడిది! భావనారాయణ మార్కెట్టుకు పరుగెత్తాడు. కలాయి దుకాణానికి తాళం. పక్కన పండ్లు అమ్మే మనిషి చల్లగా చెప్పాడు, పెద్ద గిన్నె ఒకటి వచ్చిందని, దుకాణంలో పని తెమలక ఇంటికి తీసుకుపోయాడని, ఆ ఇల్లెక్కడో తనకు తెలియదని, సాయంత్రం నేరుగా సౌభాగ్యమ్మ ఇంటికే చేరుస్తాడని.

ఇంటికి తిరిగొచ్చేసరికి వెంకటరత్నమ్మ చాప మీద కూర్చుని ఉంది. గంట ఏదని అడగలేదు. అడగకుండా గది నాలుగు మూలలూ చూసింది. ఆ చూపు భావనారాయణకు ముల్లులా దిగింది. వంటింట్లోకి పోయి భార్యకు సంగతి చెప్పాడు.

"నిజం చెప్పేయండి. ఆవిడేమీ అనుకోదు" అంది సుబ్బరత్నం.

"ఏమని చెప్పను? నీ మొగుడి గంట తోముడుకి పోయిందని చెప్పనా?"

చెప్పవలసింది సరిగ్గా అదే. కానీ పిరికివాడికి అబద్ధం దగ్గరి దారిలా కనిపిస్తుంది. నేరుగా వీధి చివర ఆడపిల్లల బడికి పోయాడు. శనివారం ఒంటిపూట బడి, అప్పుడే వదిలారు. అటెండరు అంజయ్య బడి గంటను కొక్కెం నుంచి దింపి ఇచ్చాడు. అదీ ఇత్తడిదే, ఇంచుమించు అంతే.

"సారూ, సోమారం పొద్దుగాల గిది గీడ ఉండాలె. లేకుంటె హెడ్ మేడమ్ దీని జాగల నన్ను ఏలాడదీస్తది" అన్నాడు అంజయ్య.

గంట దొరికింది. మరి చిలుమో? భావనారాయణ స్నానాల గదిలో తలుపేసుకుని, బట్టలకు పెట్టే నీలిమందులో పసుపు కలిపాడు. పచ్చగా తేలింది. ఇరవై ఏళ్లు నిజం కోసం తీరమంతా తిరిగిన మనిషి, గొంతుకూర్చుని బడి గంటకు సముద్రం పూశాడు! పసుపు పడి కళ్లు ఎర్రబడ్డాయి. బయటికొచ్చేసరికి సౌభాగ్యమ్మ ఎదురైంది. ఆ కళ్లు చూసింది, "దొరికిందా ఏంది?" అని ముక్కున వేలేసుకుంది.

అయిదింటికి హాలు నిండింది. కుర్చీలు ఖాళీగా ఉంటే బాగుండదని సుబ్బరత్నం హెడ్మాస్టరమ్మను బతిమాలి, ఇళ్లకు పోయిన బడిపిల్లల్ని రప్పించింది. ముందు నాలుగు వరసలూ వాళ్లే. గ్రంథాలయం కార్యదర్శి శ్యామ్‌సుందర్ లేచి, "సముద్రం లేని మన హైదరాబాద్‌కు భావనారాయణగారు ఓడను తెచ్చిన్రు. ఆ ఓడ గంట కొట్టి సభ షురూ చేద్దాం" అని చిన్న సుత్తితో ఒక్కటిచ్చాడు.

ఠంగుమంది. అంతే, నాలుగు వరసల పిల్లలూ ఒక్కసారి లేచి, బిలబిలమంటూ మెట్లవైపు నడిచారు.

"ఏంది, ఎటు పోతున్నరు?" అని శ్యామ్‌సుందర్ కంగారుపడ్డాడు.

"ఇంటి గంట కొట్టిన్రు గద సార్!" అంది ఒక పిల్ల. "అచ్చం మా అంజయ్య కొట్టినట్టే ఉంది!"

హాలంతా నవ్వు. అందరికన్నా గట్టిగా భావనారాయణ నవ్వాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. పిల్లలు తిరిగొచ్చి కూర్చున్నారు గానీ, ఈ సందట్లోనే వెంకటరత్నమ్మ లేచి మెల్లగా వేదిక ఎక్కింది. చెంగుతో చేతులు తుడుచుకుని, రెండు అరచేతులూ గంటకు ఆనించి కళ్లు మూసుకుంది. నవ్వు ఆగిపోయింది.

చేతులు తీసి చూసుకుంటే అరచేతుల నిండా పచ్చటి పూత, పసుపు వాసన.

"పసుపు పెట్టి ఉంచావా బాబూ?" అంది. "ఆయన పోయిన కాడినుంచి నేను పసుపు ముట్టింది లేదు. ఇన్నేళ్లకు ఆయనే పంపినట్టుంది."

భూమి రెండుగా చీలితే దూకేవాడు గానీ, అది గ్రంథాలయం మేడ. భావనారాయణ ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "అమ్మా, అది మీ గంట కాదు. బడి గంట. పసుపులో నీలిమందు కలిపి నేనే పూశాను. అసలుది పోగొట్టుకుని, చెప్పే ధైర్యం లేక ఈ పాపం చేశాను. నాకు సిగ్గుగా ఉందమ్మా" అని నిండు సభలో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. శ్యామ్‌సుందర్ సుత్తిని ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. వెంకటరత్నమ్మ అరచేతుల వంక చూస్తూ నిలబడిపోయింది.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద గొంతు వినిపించింది. "జరుగున్రి, జరుగున్రి! నారాయణగారూ, మీ గంట! అద్దం లెక్క చేపిచ్చిన! చిలుం మాత్రం కలాయి ఆయన కాడ గూడ లేదంట!"

సౌభాగ్యమ్మ వెనక రిక్షావాడు గంటను మోసుకొచ్చి బల్ల మీద దించాడు. దీపాల వెలుగంతా దాని మీదే పడి ధగధగ మెరిసింది. చిలుము పూచికపుల్లంతైనా మిగలలేదు. భావనారాయణ చూడలేక కళ్లు మూసుకున్నాడు. పరువూ పోయింది, చరిత్రా పోయింది.

"ఇదే!" అంది వెంకటరత్నమ్మ.

ఆమె గంట మీదికి వంగి ఉంది. అందులో ఆమె మొహం కనిపిస్తోంది.

"ఇదే బాబూ మా ఇంటాయన ఉద్యోగం. పొద్దున్న లేస్తే గంట తోమడం. మచ్చ కనపడితే కెప్టెన్ దొర చెవి మెలేసేవాడంట. దీంట్లో చూసుకునే దొర మీసం దువ్వుకునేవాడంట. సెలవుకొచ్చినప్పుడు, ఒక్క బిందె తోమిపెట్టయ్యా అంటే, 'ఓడలో తోమి తోమి చచ్చాను, ఇంట్లో కూడానా' అనేవాడు." నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. "ఆ పచ్చటిదాన్ని తెచ్చి నా ముందు పెడితే పోల్చుకునేదాన్నే కాదు. ఎవరమ్మా ఇంత బాగా తోమించింది? అచ్చం ఆయన తోమినట్టే ఉంది."

"నేనే" అంది సౌభాగ్యమ్మ, పైట సర్దుకుంటూ.

వెంకటరత్నమ్మ గంటను రెండు చేతులా చుట్టుకుని చెంప ఆనించింది. భావనారాయణ తల ఎత్తలేకపోయాడు. ఓడ ఎలా మునిగిందో ఇరవై ఏళ్లుగా ఊరూరా అడిగాడు. తేలి ఉన్నన్నాళ్లూ అందులో ఎవరు ఏం చేసేవారో ఈమెనైనా ఒక్కసారి అడగలేదు. నీలిమందు పూసిన సిగ్గు కన్నా ఈ సిగ్గు పెద్దదిగా తోచింది.

మర్నాడు పొద్దున కొళాయి దగ్గర చింతపండు పట్టుకుని ఇంట్లోని ఇత్తడి బిందెలన్నీ వంచిన తల ఎత్తకుండా తోముతున్న భావనారాయణను చూసి, సౌభాగ్యమ్మ సుబ్బరత్నం చెవిలో మెల్లగా అంది:

"నిండు సభల గంతగనం ఏడ్చిండంటె, ఇంక చిలుం ముట్టడు తియ్యి."