అనుభవం గల ఇన్‌స్పెక్టర్

ఫ్యాక్టరీ భద్రతా ఇన్‌స్పెక్టర్ ఉద్యోగానికి ఉన్నంత భవిష్యత్తు ఈజిప్టు దేశంలో మరే ఉద్యోగానికీ లేదని కార్మిక మంత్రిగారు మా దమన్‌హూర్‌ వచ్చి మరీ ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొట్టని చేతుల్ని పోలీసులు గమనిస్తున్నారు.

మా కింది వాటాలో ఉండే వగ్దీ అందరికన్నా గట్టిగా కొట్టాడు. ఆ భద్రతలోనే డిప్లొమా పుచ్చుకుని ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చున్న కుర్రాడు. పండగలోగా ఉద్యోగం రాకపోతే నిశ్చితార్థం రద్దని పిల్ల తండ్రి తేల్చి చెప్పాడు.

ఇంటర్వ్యూకి వెళ్లినవాడు మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు.

"ఏమన్నారురా?" అంది వాళ్లమ్మ సుఆద్.

"ఎక్స్‌పీరియన్స్ కావాలన్నారమ్మా."

"అంత చదువు చదివావుగా!"

"చదువు కాదట. ఫ్యాక్టరీలో గాయపడ్డవాళ్లకే పోస్టులట. దెబ్బ తిన్నవాడికే దెబ్బ విలువ తెలుస్తుందని మంత్రిగారి ఆలోచన."

ఇంత కరుణ గల నిబంధన నేను బడిపంతులుగా చేసినన్నాళ్లూ చూడలేదు. గాయపడ్డవాడికి కూడు దొరుకుతుంది, గాయపరచినవాడికి కేసు తప్పుతుంది.

మర్నాడు హాజీ మిద్‌హత్ ఫ్యాక్టరీ ముందు డిప్లొమాలవాళ్లు బారులు తీరారు. అక్కడ మిఠాయి పెట్టెలకు అట్టలు కోసే ప్రెస్సుంది. చేతులు లోపలికి పోకుండా దానికుండే జాలీని, పని నెమ్మదిస్తోందని హాజీ ఎప్పుడో ఊడదీయించాడు.

"హాజీ, ఆ జాలీ మళ్లీ బిగించకూడదూ?" అన్నాను.

"భలేవారే ఉస్తాద్! బిగిస్తే ఈ కుర్రాళ్ల భవిష్యత్తేం కాను? వీళ్ల ఉసురు నాకెందుకు?"

"పెద్దాయనా, ఉద్యోగాలకి అడ్డం పడకు!" అని క్యూలోంచి ఎవడో అరిచాడు.

వగ్దీ అదృష్టవంతుడు. పండగ రాకముందే పనైపోయింది. కుడిచేతికి బొటనవేలూ, పక్కన రెండు వేళ్లూ మిగిలాయి. టీ గ్లాసు పట్టుకోవచ్చు. దేవుడు దయామయుడు.

ఆర్డరు ఇవ్వడానికి మంత్రిగారే స్వయంగా వాళ్లింటికి వచ్చారు.

"రేపు హాజీగారి ఫ్యాక్టరీ తనిఖీ చెయ్యి నాయనా. జాలీ జోలికి మాత్రం పోకు. నీ వెనక బోలెడుమంది క్యూలో ఉన్నారు."

"అలాగే పాషా," అన్నాడు వగ్దీ.

పిల్ల తండ్రి ఆ వాకిట్లోనే పొట్టేలు కోయించాడు. శుభకార్యమైతే ఆ నెత్తుట్లో అరచెయ్యి ముంచి గుమ్మం పక్కన అద్దడం మా ఆచారం. అయిదు వేళ్ల గుర్తున్న ఇంటికి దిష్టి తగలదు. వగ్దీ చెయ్యి ముంచి అద్దాడు.

సుఆద్ గోడకేసి చూసింది.

"అయిదుండాలి కదా..." అని ఆగిపోయింది.

"దానికేం భాగ్యం తల్లీ!" అన్నారు మంత్రిగారు. కోటు చెయ్యి పైకి లాక్కుని, తన అరచెయ్యి ముంచి, వగ్దీ గుర్తు పక్కనే నిండుగా అద్దారు. అయిదు వేళ్లూ పొందిగ్గా పడ్డాయి.

అందరం చప్పట్లు కొట్టాం. వగ్దీ కూడా కొట్టాడు. చప్పుడు మాత్రం ఇదివరకంత రాలేదు.